ఊపిరికి కాపలా

పొద్దున సీత గొంతు గొట్టం కడగడానికి నీళ్ళు మరగబెడుతుంటే ఫోన్ మోగింది. పామేడులోని మా పుట్టింటి నుంచి తమ్ముడు దేవా. "అక్కా, అమ్మ పోయిందే" అన్నాడు. అరవబోయి నోరు నొక్కుకున్నాను. పక్కగదిలో సీత గొంతులో గురగుర మొదలైంది. ముందు అటు పరుగెత్తి, మిషన్‌కు తగిలించిన సన్నపైపుతో తెమడ లాగేశాను.

మా పాప సీతకు మూడేళ్ళు. పుట్టగానే చాలారోజులు ఊపిరి మిషన్ మీద ఉంచడంతో గొంతు లోపలి దారి ముడుచుకుపోయింది. మెడ ముందు రంధ్రం చేసి చిన్న గొట్టం పెట్టారు. దాని ఊపిరంతా అందులోంచే. ఏడ్చినా చప్పుడు రాదు. నోరు తెరుచుకుంటుంది, కన్నీళ్ళు కారతాయి, అంతే. మా అత్త ఉప్పలమ్మ వచ్చినవాళ్ళందరికీ మురిపెంగా చెబుతుంది, "మా ఇంట్ల పిల్ల ఏడ్పే ఇనవడది, ఎంత బుద్ధిమంతురాలో" అని. ఒళ్ళు మండుతుంది నాకు. ఆ చప్పుడు లేదు గనకే నేను తలుపు తీసిపెట్టి స్నానం చేస్తాను, టీవీ పెట్టను, పక్కింటావిడతో మాట్లాడుతున్నా ఒక చెవి ఇటే వేసి ఉంచుతాను. తెమడ చిక్కబడిందా, పసుపు తిరిగిందా, ఊపిరి తీసినప్పుడు గొంతు కింది గుంట లోపలికి పోతోందా అని చూస్తూనే ఉంటాను. గొట్టానికి తెమడ అడ్డం పడితే నన్ను పిలవడానికి కూడా దానికి గొంతు లేదు. మా ఆయన నవీన్ ఈ కాపలాకు పెట్టిన పేరు "ఇంట్ల కూసునుడు".

జగ్దల్‌పూర్ ఆసుపత్రిలో ఛుట్టీ ఇచ్చి ఇంటికి పంపిన రోజు, ఇంట్లో ఇద్దరు ఈ తెమడ లాగే పని నేర్చుకోవాలని నర్సు చెప్పింది. నవీన్ ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. తర్వాత ఎప్పుడడిగినా ఒకటే మాట. "ఆడోళ్ళ చెయ్యి మెత్తగుంటది సునీతా. నీ అంత మంచిగ నాకెట్ల వస్తది?" పొగిడినట్టే ఉంటుంది. కొంటా హైవే మీద లారీ టైర్లకు పంక్చర్లు వేసే మనిషి. కంటికి కనిపించని బెజ్జాన్ని కూడా వేలితో తడిమి పట్టేస్తాడు.

నేను గదిలోంచి వచ్చేసరికి, దేవాతో ఫోన్‌లో మాట్లాడి తల్లీకొడుకులు నిర్ణయం చేసేశారు.

"పిల్లను తీస్కపోతనంటవేమో. గాలివానకు ఆడ నాల్గు రోజుల సంది బిజిలీ లేదంట. మిషన్ ఎట్ల నడుస్తది?" అంది అత్త. అదీ నిజమే.

"ఈ ఒక్కరోజు మీరు చూసుకోండి అత్తమ్మా."

"అమ్మో, గొంతుల పైపు పెట్టుడు నాతోని గాదు."

నవీన్ అప్పటికే బండి తాళం తీసుకున్నాడు. "అల్లుణ్ణి. నేను పోతే నువ్వు పోయినట్టే."

మా అమ్మను ఆఖరుసారి చూడడానికి నా బదులు ఆయన వెళ్ళాడు. నేను సీత దగ్గరికి తిరిగి వచ్చాను.

రోజంతా ఏడుపు ఆపుకున్నాను. ఏడిస్తే సీత ఊపిరి వినపడదు. అమ్మ నన్ను చంకనేసుకుని ఇప్పపూలు ఏరడం గుర్తొచ్చింది. అక్కడితో ఆపేసి లేచి పైపులు కడిగాను. ఈపాటికి అమ్మకు స్నానం పోస్తుంటారు. ఒంటికి పసుపు ఎవరు రాస్తున్నారో.

సాయంత్రం నవీన్ వచ్చి, బయటే స్నానం చేసి, తల తుడుచుకుంటూ చెప్పాడు. "అంత మంచిగనే అయింది. బిడ్డ రాలేదేందని మీ చిన్నమ్మ అడిగింది. చెప్పిన." నా మొహం చూశాడు. "ఏడ్వనే లేదేంది? గట్టిదానివే."

అప్పుడే సీత గొంతులో తడి చప్పుడు. ఆయన నా వైపు చూశాడు. సీత కూడా నా వైపే చూసింది. మిషన్ వేసి, పైపు తెచ్చి ఆయన వేళ్ళ మధ్య పెట్టాను.

"నాకు భయం సునీతా."

"నాక్కూడ భయమే. రోజూ."

ఆయన చెయ్యి పట్టుకుని పైపు లోపలికి పంపించాను. తెమడ వచ్చింది, సీత ఊపిరి తేలికపడింది. పైపు కడిగి వెనక్కి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు.

"ఉంచుకో. పొద్దటి సంది ఆపుకున్న. ఇగ నేను ఏడుస్త, నువ్వు పిల్ల ఊపిరి ఇను."