భూమేష్ బండి మీద పసుపు దీపం

నేను ఒక పసుపు దీపాన్ని. మోటారు సైకిలు మీటరులో కందిగింజంత చోటులో ఉంటాను. నాకు వచ్చింది ఒక్కటే మాట. తాళం తిప్పగానే వెలగాలి, బండి కదిలాక ఆరిపోవాలి. ఆరితే ఏబీఎస్ పనిచేస్తోందని అర్థం. అంటే గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకుపోదు. కదిలాక కూడా నేను వెలుగుతున్నానంటే ఆ రక్షణ లేదని. ఇంత చిన్న మాట మనుషుల తలకెక్కించడం ఎంత కష్టమో నన్నడగండి.

నేను పుట్టిన కర్మాగారంలో ఒకమ్మాయి నన్ను వెలిగించి, ఆర్పి, తృప్తిగా తలూపింది. నా మీద అంత శ్రద్ధ చూపిన మనిషి మళ్లీ తారసపడలేదు.

బండి కొన్నది వరంగల్ వైపు రైతు భూమేష్. షోరూము నుంచి నేరుగా గుడికి తీసుకెళ్లి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. దిష్టి తగలకూడదని ముందు చక్రం పక్కనున్న కడ్డీకి నల్లతాడు కట్టి, ఊడకుండా బిగించాడు. చక్రం వేగం ఏబీఎస్‌కు చెప్పే సన్నని తీగ ఆ తాడు కిందే నలిగింది. ఒరుసుకుని ఒరుసుకుని కొన్ని నెలలకు తెగిపోయింది. నేను వెలిగాను, మళ్లీ ఆరలేదు.

మెకానిక్ మొగిలి బ్రేకు నొక్కి చూశాడు. "బ్రేకు మంచిగనే పడ్తాంది గదనే. లైటుదేముంది, ఎలగనీ," అన్నాడు. భూమేష్‌కు కావలసిందీ ఆ మాటే.

అతని భార్య జమున మాత్రం వెనక కూర్చున్నప్పుడల్లా అడిగేది. "ఏందయ్యా, గీ లైటు ఆర్తనే లేదు? ఓపారి షోరూముల సూపియ్యరాదు?"

"సూపిత్త తియ్యి," అనేవాడు.

ఒకనాడు ఆమె విసిగిపోయి తన నుదుటి బొట్టుబిళ్ల తీసి నా మీద అతికించింది. "ఇగ నీకు కనవడది, నాకు కనవడది," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు భయమేసింది.

మొక్కజొన్న కోతలొచ్చాయి. అక్కడ కల్లాలు చాలక గింజల్ని తారురోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు మేర పరిచి అంచున రాళ్లు పెడతారు. భూమేష్ కూడా అలాగే పోశాడు. ఆ మధ్యాహ్నం జమున గింజల్ని కాళ్లతో తిరగేస్తోంది. ఆమెకు అన్నం తెస్తున్న భూమేష్‌కు మలుపులో ట్రాక్టరు ఎదురొచ్చింది. తప్పుకోబోయి తన గింజల మీదికే ఎక్కి, గట్టిగా బ్రేకు నొక్కాడు. ముందు చక్రం బిగుసుకుంది. బండి పడిపోయి, జారుకుంటూ నేరుగా జమున మీదికి వెళ్లింది.

ఏబీఎస్ ఉంటే బండి నిలబడేదేమో, చెప్పలేను. లేదని మాత్రం ముందునుంచీ చెబుతూనే ఉన్నాను.

ఆమె బతికింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

భూమేష్ ఆ బండి మొహం చూడలేక అమ్మకానికి పెట్టాడు. మంచం మీంచి జమున అంది: "కొనేటోనికి ఆ లైటు సంగతి చెప్పు. మర్షిపోకు."

"చెప్త," అన్నాడు. అప్పటికి చెప్పాలనే ఉందనుకుంటాను.

"గట్ల చెప్తే ఎవడు కొంటడే?" అన్నాడు మొగిలి. తెగిన తీగ మార్చడం ఒక పూట పని. దానికి బదులు నా మీది బొట్టుబిళ్ల పీకేసి, మీటరు విప్పి, నాకు కరెంటు అందే దారి తెంచేశాడు. భూమేష్ పక్కనే నిలబడి చూశాడు.

కొనడానికి సదానందం అనే ఆయన వచ్చాడు. రోజూ కూతుర్ని బడిలో దింపడానికి బండి కావాలట. కొంత దూరం నడిపి చూసి, "ఏ లైటూ ఎలుగుతలేదు, బండి సాఫుగుంది," అన్నాడు. భూమేష్ డబ్బు లెక్కపెట్టుకున్నాడు. లైటు సంగతి చెప్పకుండానే తాళాలు అతని చేతిలో పెట్టాడు.

ఇవాళ ముసురు పట్టింది. ఆ పిల్ల వెనకెక్కి తండ్రి నడుము చుట్టూ చేతులు వేసింది. తండ్రి ఒకసారి మీటరు వైపు చూశాడు. నేను వెలగడం లేదు కాబట్టి, నిశ్చింతగా వేగం పెంచాడు.