పచ్చి మోతాదు

ఊళ్ళోవాళ్ళు లొట్టలేసుకుంటూ తినే కేకులు చేసే బేకరీ మాస్టర్, కన్నకూతురికి ఒక్క ముక్క పెట్టి ఎరగడు. ఆ పిల్ల గువ్వకి గుడ్డు పడదు. పసితనంలో ఒకసారి కేకు పిండి కలిపిన చెంచా నాకి, ఊపిరాడక నీలం తిరిగిపోయింది. అప్పటినుంచి బేకరీ అద్దానికి ముక్కు ఆనించి చూడడమే తప్ప లోపల అడుగు పెట్టలేదు.

"ఎన్నాళ్ళు దాచిపెడతారు? కొంచెం కొంచెంగా అలవాటు చేద్దాం" అంది డాక్టరమ్మ.

కంటికి ఆనీ ఆననంత గుడ్డు పొడి. మోతాదు పెంచేటప్పుడల్లా ఆసుపత్రిలో ఆవిడ కళ్ళెదుటే తినిపించాలి. తట్టుకుంటే అదే మోతాదు ఇంట్లో రోజూ. తిన్నాక పరుగులు పెట్టకూడదు. జ్వరమొస్తే ఫోన్ చెయ్యాలి. ఊపిరాడకపోతే పొడిచే ఇంజెక్షన్ చేతికందేచోట ఉండాలి. పొడిని చల్లని పండు గుజ్జులో కలపాలి.

ఇంట్లో రెండో రోజుకే గువ్వ మూతి బిగించేసింది.

"ఛీ, కంపు!"

తల్లి బతిమాలి, బెదిరించి, చివరికి తనే ఏడ్చింది. మాస్టర్‌కి చేతులు ఊరుకోలేదు. ఆ పొడిని పిండిలో కలిపి గోరంత బిస్కెట్టు కాల్చాడు. గువ్వ గుటుక్కుమనిపించి "ఇంకోటి?" అంది.

"చూశావా, దేనికైనా మన చెయ్యి పడాలి" అని భార్య ముందు మీసం దువ్వాడు.

మోతాదు పెంచే రోజు ఆసుపత్రిలో గుజ్జు తిన్న కాసేపటికే గువ్వ మెడ మీద దద్దుర్లు లేచాయి. పెదవి ఉబ్బింది. నర్సు మందిస్తే తగ్గింది.

"ఇంట్లో బాగానే తింటోందన్నారే! దేన్లో కలిపారు?" అని డాక్టరమ్మ నిలదీసింది.

మాస్టర్ నేల చూపులు చూశాడు. "బిస్కెట్టు... కాల్చి..."

"ఓవెన్ వేడికి గుడ్డు పొగరు సగం చస్తుందండీ! పిల్లకి పచ్చిపొడి అలవాటే కాలేదు. మళ్ళీ కింద నుంచి మొదలు."

"ఇప్పుడు దువ్వండి మీసం" అంది భార్య, గొంతు తగ్గించి.

ఈసారి మాస్టర్ తానూ ఓ చెంచా పొడి గుజ్జులో కలుపుకుని కూతురి ఎదురుగా కూర్చున్నాడు. మింగి, ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు. గువ్వ పకపకా నవ్వి తన చెంచా నోట్లో పెట్టుకుంది. ఆ నవ్వు కోసం రోజూ కొత్త మొహమొకటి వెతుక్కునేవాడు. తిన్నాక ఆ పిల్ల కదలకుండా కూర్చోడానికి జడలల్లడం కూడా నేర్చుకున్నాడు. ఆ జడలు చూసి బడిలో అందరూ నవ్వారు. మధ్యలో జ్వరాలొచ్చాయి, మోతాదు తగ్గింది, మళ్ళీ పెరిగింది. తండ్రీకూతుళ్ళు పట్టు వదల్లేదు.

చివరికి ఆసుపత్రిలో ఒక గుడ్డు మొత్తం తినిపించారు. డాక్టరమ్మ ఒళ్ళంతా చూసి, గుండె విని, గడియారం చూసి, మళ్ళీ విని, అప్పుడు నవ్వింది.

"గెలిచింది. కానీ రోజూ గుడ్డు తినడం మానకూడదు, ఇంజెక్షన్ దగ్గరుండాలి."

"మరి కేకు?" అన్నాడు మాస్టర్.

"రేపు పెట్టండి."

మర్నాడు గువ్వ బేకరీలోకి దర్జాగా నడిచింది. పిండి కలిపేవాళ్ళు చేతులాపేశారు. మాస్టర్ కోసిచ్చిన ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, తీరిగ్గా నమిలింది.

"తీపెక్కువైంది నాన్నా."

బేకరీ గొల్లుమంది. "ఇన్నేళ్ళూ నేనంటే విన్నారా?" అంది భార్య.

మాస్టర్ కళ్ళొత్తుకుంటూ కత్తి అందుకున్నాడు.

"ఒక్క ముక్కకేం తెలుస్తుందే? ఇంకోటి తిని చెప్పు!"