పేరిందేవిని తగ్గించడం

ఎప్పుడో చనిపోయిన నవలా రచయిత్రి పేరిందేవి ఆదివారం పొద్దున వకుళ అద్దెగదికి వచ్చి, మంచం మీద కూర్చుని, గొంతు సవరించుకుంటుంది.

వకుళ ఆశ్చర్యపోదు. సాలూరు డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా చేరి నెల దాటింది. ఈ గదిలోకి ఇంకో మనిషి రావడం ఇదే మొదలు. రెండు గ్లాసుల్లో టీ పోస్తుంది. రెండో గ్లాసుకు కొట్లో అంటించిన చీటీ ఇంకా ఊడలేదు.

"రేపే నా మొదటి చర్చా తరగతి. మీ నవలల మీదే. ఉన్నది ఒక్క గంటండీ, అన్నీ పట్టవు."

"అయితే ఆఖరుది తీసెయ్యమ్మా," అంటుంది పేరిందేవి. "అది రాస్తన్నప్పుడే మా ఆయన పోయేడు. అది లేకపోతే ఆయన ఉంటాడు."

సబబుగానే ఉంది. వకుళ ఆ పుస్తకాన్ని మంచం కిందికి తోస్తుంది. పేరిందేవి నడుము నిటారవుతుంది. వీధిలో ఎవరో మగమనిషి దగ్గి, సైకిలుకు స్టాండు వేస్తాడు.

"ఆయనే. పిలవకు. నాకోసం కాసుకుని కూకోడం ఆయనకి అలవాటే."

ఇంకోటి తీసేస్తే జుట్టు నల్లబడుతుంది. మరోటి తీసేస్తే మోకాళ్ల నొప్పులు పోయి, లేచి గదంతా తిరుగుతూ వకుళ చీరలు ముట్టి చూస్తుంది. ఇద్దరూ నవ్వుకుంటారు. మధ్యాహ్నానికి మొదటి నవల ఒక్కటే మిగులుతుంది.

చదువుకునేటప్పుడు హాస్టల్లో ఎవరూ పలకరించని రోజుల్లో వకుళతో మాట్లాడింది అందులోని నాయిక మాణిక్యం ఒక్కతే.

"ఇదీ తీసెయ్యి," అంటుంది పడుచు పేరిందేవి. "ఇది రాయకముందు నాకు ఒంటరితనం అంటే ఏటో తెలీదు."

"మరి రేపు నేనేం చెప్పాలి?"

"నువ్వు సెప్పడానికి కాదు గదా. ఆళ్లు మాటాడుకోడానికి."

వకుళ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని అట్ట తుడుస్తుంది. తర్వాత దాన్నీ తోసేస్తుంది. ఆమె తలలోంచి మాణిక్యం చెప్పులేసుకుని వెళ్లిపోతుంది. వీధిలో మనిషి పెళ్లికానివాడిలా ఈలవేస్తూ సైకిలెక్కుతాడు. మంచం మీద పేరిందేవి నెలల పిల్లై బొటనవేలు చప్పరిస్తోంది.

సోమవారం వకుళ పసిపిల్లను ఎత్తుకెళ్లి తరగతిలో బల్ల మీద పడుకోబెడుతుంది. ఎవరూ నోరు విప్పరు. ఆమె భయపడ్డది ఇందుకే. చివరికి పైడితల్లి అనే అమ్మాయి లేస్తుంది.

"మేడమ్, పాప పేరేటి?"

ఏమీ రాయని మనిషికి పేరెక్కడిది? "ఇంకా పెట్టలేదు," అంటుంది వకుళ.

అంతే, ఏ పేరు పెట్టాలా అని గది హోరెత్తిపోతుంది. ఒకరి మాటకు ఒకరు అడ్డం పడతారు, బతిమాలుకుంటారు, అలుగుతారు, మళ్లీ మాట కలుపుతారు. ఇంత మంచి చర్చ ఆ కాలేజీ ఎన్నడూ విని ఉండదు. గోడకానుకుని వింటున్న వకుళకు కడుపు నిండినట్టుంటుంది. బెల్లు కొట్టేసరికి అందరూ ఒక్క పేరు దగ్గర ఆగుతారు. వకుళ.

పాపను ఎత్తుకుని, ఆ పేరుతో ముద్దులాడుతూ, వాళ్లు వరండాలోకి వెళ్లిపోతారు. ఖాళీ బెంచీల మధ్య ఆమె మిగులుతుంది.

"వకుళా!" దూరంగా ఎవరో పిలుస్తారు.

ఆమె "ఆఁ" అని నోరు తెరుస్తుంది. ఆ పలుకు వరండా చివర, పాల వాసనతో, పసిగొంతులోంచి వస్తుంది.