పోటు

నా భార్య చెంచులక్ష్మి పోయినాక నేను ఇల్లు కదలడం లేదని, స్నేహితులు పెంచలప్రసాద్, గిద్యోను నన్ను బలవంతంగా కారెక్కించి సముద్రం వైపు బయలుదేరారు. ముగ్గురం మెట్ట ఊళ్లవాళ్లమే. మడ అడవి మధ్యలో దారికి అడ్డంగా ఉప్పుకాలువ వచ్చింది. మోకాలి లోతు కూడా లేదు.

అవతలి గట్టు మీద వల ఆరేస్తున్న మనిషి చేతులు ఊపి, "పోటన్నా, పోటు!" అని కేకేశాడు.

"పో అంటా ఉండాడు" అంటూ ప్రసాద్ కారును నీళ్లలోకి దించాడు.

నడుమకు వచ్చేసరికి చక్రాలు బురదలో కూరుకుపోయాయి. అతను ఇంకా ఇంజనుతో పెనుగులాడుతుండగానే సముద్రపు నీరు పొంగి కాలువలోకి ఎదురెక్కింది. పోటంటే అదేనని అప్పుడు తెలిసింది. తలుపులు తెరుచుకోలేదు. నీళ్లు ఒళ్లోకి వచ్చాయి. నేను గొంతు చించుకుని అరిచాను.

"లక్ష్మి దగ్గరికి పోతా పోతా అంటా ఉంటివి గదరా! ఇంకెందుకా అరుపులు?" అన్నాడు గిద్యోను. వాడి పళ్లు కూడా టకటక కొట్టుకుంటున్నాయి.

వల మనిషి పడవ తోసుకొచ్చి ముగ్గురినీ కిటికీల్లోంచి లాగాడు.

కారును నీళ్లలో దించిన ప్రసాద్‌తో ఇప్పటికీ మాట్లాడుతున్నాను. నా భయాన్ని ఎత్తిచూపిన గిద్యోనుతో మాట్లాడను.