కూలర్‌కి తాళం

వసంతలక్ష్మి నా తోడికోడలు. మనిషి మంచిదని అందరూ అంటారు. అందరూ అంటున్నారంటేనే నాకు అనుమానం.

అమెరికాలో కమ్మింగ్ ఊరి పక్కన, లేక్ లేనియర్ అనే సరస్సులో తిరిగే యాట్‌లకు, అంటే షికారు పడవలకు, మేమిద్దరం కలిసి భోజనాలు సప్లై చేస్తాం. వంట ఇద్దరిదీ. ఏ కూరకి ఏ వైన్ కుదురుతుందో చెప్పడం మాత్రం నా పని. గోంగూర మటన్‌కి ఇక్కడి తోటల్లో పండే మస్కడైన్ ద్రాక్ష వైన్ బాగుంటుందని కనిపెట్టింది నేనే. ప్రతి శనివారం గెస్టుల్ని తిప్పే దామోదర్ గారి ఆర్డర్ దానివల్లే నిలబడిందని నా నమ్మకం. అది పోతే మాకు బిజినెస్సే లేదు. అలాంటి చోట పెరుగన్నం కూడా పెడదామంటుంది వసంత! వైన్ పక్కన పెరుగన్నమా, పరువు పోతుందని కసిరాను.

అప్పటినుంచీ చూస్తున్నాను. పడవలు ఆగే డాక్ మీద నేను అటు తిరిగితే చాలు, భోజనాలు సర్ది పంపే ఐస్ పెట్టె, అదే కూలర్, మూత ఎత్తి ఏదో డబ్బా లోపలికి తోస్తుంది. అడిగితే "ఏం లేదక్కా, ఐస్ సర్దుతున్నా" అంటుంది. ఐస్ సర్దడానికి డబ్బా ఎందుకమ్మా? తన వంట విడిగా రుచి చూపించి దామోదర్ గారిని తనవైపు తిప్పుకుంటోంది.

ఈ శనివారం కూలర్‌కి తాళం వేశాను. వసంత తాళం చూసింది, నా మొహం చూసింది, చేతిలో డబ్బా వెనక్కి దాచుకుంది. దొరికిపోయిందిలే అనుకుని, హాయిగా కాఫీ తెచ్చుకోవడానికి వెళ్లాను.

యాట్ సరస్సు మధ్యకు చేరాక దామోదర్ గారి ఫోన్.

"కూలర్ లాక్ చేసుందండీ! కీ ఎక్కడ?"

నా హ్యాండ్‌బ్యాగ్‌లో! నా మతి మండా!

"సారీ అండీ, పాపం మీ గెస్టులు..."

"లక్కీగా, బోట్ కదిలేముందు వసంతగారు పరిగెత్తుకొచ్చి పెరుగన్నం డబ్బా ఇచ్చారు. అదే తింటున్నారు. ఎవ్రీ వీక్ ఫస్ట్ ఖాళీ అయ్యేది అదేగా! ఇకనుంచి ఆర్డర్ ఆవిడకే ఇస్తాం. ఒకసారి ఫోన్ ఆవిడకి ఇవ్వండి."

పక్కనే ఉన్న వసంతకి ఇచ్చాను. ఇప్పుడు బయటపడుతుంది దీని అసలు రంగని, అప్పుడు కూడా చెవులు రిక్కించాను.

"నేనొక్కదాన్నే చేయనండీ. చేస్తే మా అక్కా నేనూ కలిసే," అని వసంత ఫోన్ పెట్టేసింది.

సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. వసంత నావైపు చెయ్యి చాచింది.

"ఆ తాళంచెవి ఇటివ్వక్కా. ఇకమీదట అది నా దగ్గరుంటుంది."