వంటింట్లో రియాక్టర్

"గదొక ఆటబొమ్మ. దాంట్ల ఫెయిలైతే ఏంది?" అన్నాడు నర్సింహ, ముచ్చటగా మూడోసారి.

"ఆటబొమ్మైతే రెండుసార్లెందుకు పేల్చినవు?" సునంద కూడా మూడోసారే అడిగింది, రొట్టె తిప్పుతూ, వెనక్కి చూడకుండా.

ఆదివారం పొద్దున చాయ్ దగ్గర మొదలైన గొడవ రొట్టెల దాకా వచ్చింది. నర్సింహ పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ఇరవై రెండేళ్లుగా ఆపరేటర్. పైపు మీద అరచెయ్యి పెట్టి లోపలి వేడి చెప్పేస్తాడు. ఇప్పుడు కంపెనీవాళ్లు సిమ్యులేటర్ తెచ్చారు. అచ్చం కంట్రోల్ రూమే, తెరలూ బటన్లూ అన్నీ ఉంటాయి, రియాక్టర్ ఒక్కటే ఉండదు. తెరమీద ఏదో ఒకటి చెడగొట్టి, ఆపరేటర్ ఎలా చక్కబెడతాడో చూస్తారు. నర్సింహ రెండుసార్లూ పేల్చేసి వచ్చాడు. రేపు ఆఖరి పరీక్ష. అదీ పోతే ప్యానెల్ ముందు కుర్చీ పోయినట్టే. స్టోర్‌లో డ్రమ్ములు దొర్లించుకోవాలి.

"ముట్టుకుందామంటే పైపు లేదు, వాసన లేదు. ఎట్ల తెలుస్తది?"

సునంద పెనం దించి వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఏం జరిగిందో జెర చేసి సూపెట్టు."

"అలారం మోగింది. గిట్ల బంద్ చేసిన. తర్వాత..."

"ఆగు. ఎందుకు మోగిందో చదివినవా?"

"సదివేదేంది? మా ప్లాంట్‌ల సెన్సర్లు పాడై రోజుకు వందసార్లు ఉత్తగనే మోగుతది. ముందు దాని నోరు మూయించకుంటే పనెట్ల చేస్తం?"

మంచం మీద కూర్చున్న అతని తల్లి సత్తెమ్మ అందుకుంది. "ఇంట్ల గూడ గంతే గదరా. నేను పిలువంగనే 'ఆఁ సరే' అంటవు. ఎందుకు పిలిచిన్నో ఒక్కనాడన్న అడిగినవా?"

సునంద అత్తవైపు చూసింది. నవ్వు ఆపుకుంటూ గూట్లోంచి స్టీలు పళ్ళెం, గంటె తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

ఫ్రిజ్ తలుపు ప్యానెల్ అయింది. డిగ్రీ చదివే కూతురు మహిత చీటీలు రాసి దానికి అంటిస్తుంది, సత్తెమ్మ పళ్ళెం వాయిస్తుంది. నర్సింహ చీటీ పైకి చదివి, ఏం చేస్తాడో చెప్పేదాకా ఆమె ఆపదు.

"ఆఁ సరే సరే," అన్నాడు నర్సింహ, మొదటి మోతకే చెయ్యెత్తి. సత్తెమ్మ మరింత గట్టిగా వాయించింది.

పక్కింటి కౌసల్యమ్మ గోడమీంచి తొంగిచూసింది. "ఏందే సునందా, కోతులొచ్చినయా?"

"లేదక్కా. మా ఆయన రియాక్టర్ పేలుస్తుండు."

మధ్యాహ్నానికి దారికొచ్చాడు. "రియాక్టర్‌కు సల్లనీళ్లు ఆగినయ్," అని చీటీ చదివాడు. " ముందు మందు పోసుడు బంద్ చేస్త, తర్వాత రెండో పంపు నడిపిస్త." తర్వాతి చీటీ: "సింకు కింద మూడు నెలల నుంచి కారుతున్నది."

"గిది పరీక్షల రాదు."

"రాకపోతే అత్తమ్మతోని చెప్పుకో," అంది సునంద.

పళ్ళెం ఆగలేదు. నర్సింహ పానా తీసుకుని సింకు కింద దూరాడు. బయటికొచ్చేసరికి ఇంకో చీటీ ఉంది: "నాయనమ్మకు చాయ్." అదీ పెట్టాడు.

సోమవారం సాయంత్రం అతను కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంటే ముగ్గురూ చుట్టూ చేరారు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

"పాసైన," అన్నాడు.

సత్తెమ్మ కొడుకు చెంపలు నిమిరి మెటికలు విరిచింది. సునంద మాత్రం అతని ముఖమే చూస్తూ ఉంది. "మరి గట్లున్నవేంది?"

"పాసైనంక అసలు ప్యానెల్ కాడ కూసున్న. అలారం మోగింది. సదివిన, ఉత్తదే. మల్ల మోగింది, ఉత్తదే. పదకొండోసారికి, సదవకముందే చెయ్యి దానంతటదే బంద్ చేసే బటన్ మీదికి పోయింది."

మహిత చేతిలో ఫోను పక్కన పెట్టింది. నర్సింహ కాసేపు తన అరచెయ్యి చూసుకున్నాడు. తర్వాత గొంతు పెంచకుండా, అందరికీ వినబడేలా చెప్పాడు.

"నెల రోజులు ఆ కుర్చీల కూసోనని సార్‌కు చెప్పొచ్చిన. రేపట్నుంచి సెన్సర్లు బాగుచేసేటోళ్లెంబడి తిరుగుత."