చివరి నుంచి నాలుగోవాడు

పరేడ్‌కి ఎవరూ రావద్దని చైతన్య ఫోన్ చేశాడట. ఆ ముక్క చెప్పడానికి వాడి తల్లి, మా చెల్లెలు నీలవేణి కవిటి నుంచి కాశీబుగ్గ దాకా ఆటోలో వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి. అప్పుడే భోజనానికి కూర్చున్న నేను కంచం పక్కకి నెట్టాను.

నా మేనల్లుడు మిలటరీ అకాడమీలో శిక్షణ ముగించి, వచ్చే శనివారం ఆఫీసరు కాబోతున్నాడు. పరేడ్ అయ్యాక అమ్మానాన్నలే తమ చేతులతో కొడుకు భుజాల మీద స్టార్లు తొడుగుతారు. సిపాయిగా చేరి సుబేదారుగా రిటైరైన నేను, అలాంటి రోజు మా ఇంట్లో వస్తుందని కలలో కూడా అనుకోలేదు. వీడేమో రావద్దంటాడు! కారణం ఏమిటయ్యా అంటే, బ్యాచీలో ర్యాంకులు ఇచ్చారట, వీడు చివరి నుంచి నాలుగోవాడట.

నాకు ఒళ్లు మండింది. చెల్లెల్ని బండి మీద ఎక్కించుకుని నేరుగా కవిటి వెళ్లాను.

మా బావ పోలారావు తోటలో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. ‘మావోడు ఫస్టు’ అని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి. ఇప్పుడు తల కొట్టేసినట్టయి, కాయల మీద కసి తీర్చుకుంటున్నాడు.

“ఎంసెట్ల ఆకరి ర్యాంకొత్తే ఏ కాలేజీ వత్తాది బావా? ఈడికి కూడా సిపాయి ఉజ్జోగవే ఇత్తారేటి?” అన్నాడు.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

“నువ్వూ నీ ఎంసెట్టూ! మొదటోడూ లెఫ్టినెంటే, ఆకరోడూ లెఫ్టినెంటే. అందరికీ అవే స్టార్లు.”

“మరి ర్యాంకులెందుకన్నియ్యా?” అంది నీలవేణి.

మంచి ప్రశ్నే. ఉన్నమాట చెప్పాను. మొదటివాడికి పతకం వస్తుంది, కోరుకున్న రెజిమెంటు దొరకడం తేలిక, సీనియారిటీలో పేరు ముందుంటుంది. కష్టపడకుండా ఆ ర్యాంకు ఎవడికీ రాదు, దాన్ని తీసిపారేయకూడదు. కాకపోతే అది అకాడమీలో గడిపిన రోజుల లెక్క. తర్వాత బోలెడంత నౌకరీ ఉంటుంది. అక్కడ పరీక్ష పెట్టేది మాస్టార్లు కాదు. కొండలూ, మంచూ, వెనకాల నడిచే జవాన్లూ పెడతారు.

సాయంత్రానికి చైతన్య ఫోన్లో దొరికాడు.

“అందరి అమ్మానాన్నలూ వత్తారు మావా. ఆల్లందరి ముందు మనోల్లు తల దించుకోవాల. నాను సూడలేను,” అన్నాడు. నా కోపం సగం అక్కడే చల్లారింది.

“ఓ సంగతి సెప్తాను, ఇను. మంచుకొండల మీద మా కంపెనీకి ఓ మేజరు సాబు ఉండీవోడు. పెట్రోలింగు నించొచ్చి, తన బూట్లు ఇప్పుకోకుండానే మా కాళ్లు సూసీవోడు, మంచుకి నల్లబడ్డాయేటో అని. నా కాలేళ్లు మిగిల్నాయంటే ఆయన వల్లేరా. అకాడమీల ఆయన ర్యాంకెంతో తెల్సా?”

“ఎంత మావా?”

“నాకూ తెల్దు. అడగాలని ఎప్పుడూ తోసలేదు.”

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

“నీ ఎనకాల నడిసే జవానూ అడగడు. కట్టం వత్తే నువ్వు ముందుంటావా, ఉండవా? ఆడు సూసేది అదొక్కటే. మేం వత్తన్నాం. నువ్వు రావద్దన్నా వత్తాం.”

పలాసలో రైలెక్కాం.

పరేడ్ అయ్యాక నీలవేణి ఎంత తంటాలు పడినా స్టారు ఒక పట్టాన ఎక్కలేదు. పోలారావు సాయం పట్టాడు. కాస్త దూరంలో పతకం వచ్చిన కుర్రాడి చుట్టూ జనం ఫొటోలకు ఎగబడుతున్నారు. మా బావ అటే చూస్తున్నాడు.

చైతన్య అలవాటుగా నా కాళ్లకు దండం పెట్టడానికి వంగాడు. భుజాలు పట్టుకుని లేపాను. రెండడుగులు వెనక్కి వేశాను. నెత్తిన ఉన్న నా పాత రెజిమెంటు టోపీ సరిచేసుకుని, మడమలు కలిపి, సెల్యూట్ కొట్టాను.

“జైహింద్ సాబ్!”

“మావా, నువ్వేటి...” అంటూనే వాడు ఏడ్చేశాడు. ఆఫీసరు తిరిగి సెల్యూట్ చేసేదాకా కింది వాడు చెయ్యి దించకూడదు. నేను దించలేదు. చుట్టుపక్కల వాళ్లు చూస్తున్నారు, పోలారావూ ఇటు తిరిగాడు. చైతన్య ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు.

“సెయ్యి నొప్పెడతంది సాబ్,” అన్నాను.

అప్పుడు లేచింది మా చైతన్య చెయ్యి.